హార్డ్ డిస్క్ మొరాయిస్తోంది: తప్పు డిస్క్‌దా, కేబుల్‌దా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో విండోస్ ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. ఫోటోలు, వీడియోలు, పదేళ్ల జమాఖర్చుల ఫైళ్లు అన్నీ ఐదేళ్ల కిందట పెట్టించుకున్న 2 టెరాబైట్ల హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కొంతకాలంగా ఒక ఫోటోల ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ నిమిషం సేపు బిగుసుకుపోతోంది. కాపీ చేయబోతే ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగిపోతోంది. అది చాలదన్నట్టు, అప్పుడప్పుడు డిస్క్ మొత్తం కనిపించకుండా పోయి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే తిరిగి వస్తోంది. ఆ సమయంలో టిక్కుమన్న శబ్దం కూడా విన్నాను. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పసుపు రంగులో హెచ్చరిక చూపుతోంది: రా వాల్యూ గడిలో 05 ఎదురుగా సున్నాల తరువాత 10, సీ5 ఎదురుగా 18, సీ7 ఎదురుగా 137 అని ఉన్నాయి. విండోస్ మాత్రం డిస్క్ బాగానే ఉందంటోంది. ఒక మిత్రుడు చెక్‌డిస్క్ నడపమంటున్నారు, మరొకరు ఫార్మాట్ చేస్తే సర్దుకుంటుందంటున్నారు, ఇంకొకరు ఫ్రీజర్‌లో పెట్టి తీయమంటున్నారు. వేరే కాపీ ఎక్కడా లేదు. తప్పు డిస్క్‌దా, కేబుల్‌దా? పెద్ద ఎస్‌ఎస్‌డీ కొని అంతా దాని మీదికి మార్చుకుంటే ఈ బాధ తప్పుతుందా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే తప్పు రెండింటిలోనూ ఉన్నట్టు కనిపిస్తోంది. డిస్క్ ఉపరితలం కొన్నిచోట్ల చెడింది. దానికి తోడు కేబుల్‌లోనో, కరెంటు అందే దారిలోనో మరో లోపం ఉంది. రెండు జబ్బులు ఒకేసారి వచ్చినప్పుడు ఒకదాని లక్షణాలు మరొకదానివిగా కనిపించి ముగ్గురు మిత్రులు మూడు రకాల వైద్యం చెప్పడం సహజమే. అయితే ఆ మూడింటిలో దేనికీ ఇది సమయం కాదు. వేరే కాపీ లేదన్నారు కనుక ముందు డేటా బయటికి రావాలి. డిస్క్‌కు ఏమైందన్న విచారణ ఆ తరువాతి పని. ఈ వరుస తారుమారు కావడం వల్లనే, చేతికి అందవలసిన ఫైళ్లు కూడా చాలామందికి అందకుండా పోతాయి. కాబట్టి ఈ ఉత్తరం పూర్తిగా చదివేవరకు కంప్యూటర్‌ను ఆపే ఉంచండి.

మొదట మీరు పంపిన అంకెల సంగతి చూద్దాం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో రా వాల్యూలను మామూలుగా పదహారు ఆధారంగా ఉన్న హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపుతుంది. అందువల్ల 05 ఎదురుగా ఉన్న 10 అంటే పది కాదు, 16. సీ5 దగ్గరి 18 అంటే 24, సీ7 దగ్గరి 137 అంటే 311. ఆ ప్రోగ్రామ్ సెట్టింగులలో దశాంశ పద్ధతికి మార్చుకునే వీలుంది. మార్చుకుంటే తరువాత పోల్చి చూసుకోవడం తేలికవుతుంది. ఆ పసుపు రంగు హెచ్చరిక 05, సీ5, సీ6 అనే మూడు లెక్కలను చూసి ఇచ్చేది మాత్రమే. సీ7 ఎంత పెరిగినా రంగు మారదు కనుక దానిని ఎవరూ పట్టించుకోరు. మీ విషయంలో సగం కథ అక్కడే ఉంది.

సీ7 అనేది డిస్క్‌కు, మదర్‌బోర్డుకు మధ్య దారిలో ఎన్నిసార్లు డేటా చెడిపోయి మళ్లీ పంపవలసి వచ్చిందో చెప్పే లెక్క. ఆ దారిలో ఉన్నవి సాటా కేబుల్, దాని రెండు కొసల కనెక్టర్లు, మదర్‌బోర్డు మీది పోర్టు. డిస్క్ లోపల తిరిగే పళ్లేల మీద అయస్కాంత రూపంలో ఉన్న మీ ఫోటోలకు ఈ లెక్కతో సంబంధం లేదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కేబుల్ కూడా దుమ్ము వల్లనో, బిగువు తగ్గడం వల్లనో, కేసు మూత వేసేటప్పుడు మెలిక పడడం వల్లనో ఇలాంటి తప్పులకు కారణమవుతుంది. ఇంకొక మాట: ఈ లెక్క పెరగడమే కానీ తగ్గడం ఉండదు. కేబుల్ మార్చినా 311 సున్నా కాదు. మార్చిన తరువాత అది 311 దగ్గరే నిలిచిందా, 312కు వెళ్లిందా అన్నదే మనకు కావలసిన సంగతి. ఆ అంకెను తేదీతో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి.

సీ5, 05 లెక్కలు వేరే సంగతి చెబుతున్నాయి. డిస్క్ తన ఉపరితలాన్ని సెక్టార్లు అనే చిన్న గడులుగా విభజించుకుని డేటా దాస్తుంది. ఒక సెక్టార్‌ను చదవబోయి చదవలేకపోయినప్పుడు డిస్క్ దానిని అనుమానితుల జాబితాలో చేరుస్తుంది. సీ5 అంటే ఆ జాబితా పొడవు. తరువాత ఎప్పుడైనా ఆ చోట కొత్త డేటా రాయవలసి వస్తే, రాసి చూస్తుంది. రాసినది నిలిస్తే అనుమానం తీరి లెక్క తగ్గుతుంది. నిలవకపోతే ఆ చోటును శాశ్వతంగా మూసి, తనలో దాచి ఉంచుకున్న అదనపు సెక్టార్లలో ఒకదానిని దాని బదులు వాడుకుంటుంది. 05 అంటే అలా మార్చిన వాటి లెక్క. అంటే మీ డిస్క్ ఇప్పటికే 16 సెక్టార్లను మార్చుకుంది, ఇంకా 24 సెక్టార్లను చదవలేక అవస్థ పడుతోంది. ఈమధ్య సంవత్సరాల డిస్క్‌లలో అసలు సెక్టార్ 4,096 బైట్లు. కంప్యూటర్‌కు మాత్రం దానిని 512 బైట్ల చొప్పున ఎనిమిదిగా చూపుతుంది. అందుకే ఇలాంటి లెక్కలు తరచుగా ఎనిమిది గుణిజాలలో వస్తాయి. మీ 24 కూడా బహుశా మూడు అసలు సెక్టార్లే, అంటే 12,288 బైట్లు. రెండు టెరాబైట్లలో అది ఏ మూలకూ రాదు. ఆ మూడు చోట్లూ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటే, నష్టం ఒకటి రెండు ఫోటోలకే పరిమితం కావచ్చు. అయితే లోపం అక్కడితో ఆగుతుందన్న హామీ ఏమీ లేదు; అందుకే ఈ తొందర.

విండోస్ బాగానే ఉందని ఎందుకు అంటోందంటే, అది తయారీదారు పెట్టిన హద్దు దాటిందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. ఆ హద్దులు చాలా ఉదారంగా ఉంటాయి; వందల సెక్టార్లు పోయిన డిస్క్ కూడా వాటి ప్రకారం ఉత్తీర్ణమే. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్క్‌ల మీద ప్రచురించిన అధ్యయనంలో ఈ విషయానికి రెండు వైపులూ కనిపిస్తాయి. ఉపరితలాన్ని తనిఖీ చేసేటప్పుడు మొదటి తప్పు కనిపించిన డిస్క్, ఆ తరువాతి 60 రోజులలో చెడిపోయే అవకాశం, తప్పులు లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఎక్కువ. మరోవైపు, చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతం వాటిలో, గట్టి సూచనలుగా ఎంచిన నాలుగు లెక్కలలో ఒక్కటి కూడా కదలలేదు. కాబట్టి ఈ అంకెలు బాగోలేవంటే నమ్మండి. బాగున్నాయంటే మాత్రం నిశ్చింతగా ఉండకండి.

ఇప్పుడు మిత్రుల సలహాల సంగతి. చెక్‌డిస్క్ అన్నది ఫైళ్ల చిట్టాను సరిదిద్దే సాధనం. చెడుతున్న ఉపరితలానికి అది వైద్యం కాదు. చెడిన సెక్టార్లను వెతకమని దానికి చెబితే డిస్క్ అంతా చదువుతుంది, చిట్టాలో పొసగని చోట్ల తనకు తోచినట్టు మార్పులు రాస్తుంది, చిట్టాలో ఆచూకీ దొరకని ఫైళ్ల ముక్కలను వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద అది మంచి పనిముట్టే. మరో కాపీ లేని, చెడుతున్న డిస్క్ మీద మాత్రం అది ఉన్నదానిని కూడా చెరపగలదు. మీరు అడగకపోయినా విండోస్ మొదలయ్యేటప్పుడు తనంతట తానే ఆ పని మొదలుపెట్టవచ్చు. అలాంటప్పుడు తెర మీద చెప్పిన కొద్ది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి ఆపేయండి. ఫార్మాట్ సలహాలో సగం నిజం ఉంది. పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది కనుక, పైన చెప్పినట్టు అనుమానితుల జాబితా ఖాళీ అవుతుంది; దానితో పాటు మీ పదేళ్ల లెక్కలూ ఖాళీ అవుతాయి. ఇక ఫ్రీజర్ సంగతి: చదివే హెడ్ తిరిగే పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. చల్లటి డిస్క్‌ను బయటికి తీసినప్పుడు పట్టే చెమ్మలో ఒక్క బిందువు ఆ సందులోకి చేరినా గీత పడుతుంది. ఆ సలహాను మర్యాదగా మరిచిపోండి.

మొదట చేయవలసినది కేబుల్ మార్చడం. డేటా ముందు, విచారణ తరువాత అని చెప్పి మళ్లీ ఇదేమిటని అనుకోకండి. కేబుల్ మార్చడానికి డిస్క్ ఒక్క సెక్టార్ కూడా చదవనక్కరలేదు, పైగా మార్చకుండా కాపీ మొదలుపెడితే మధ్యలో డిస్క్ మాయమైనప్పుడల్లా తప్పు ఎవరిదో తేల్చుకోలేక తల పట్టుకోవలసి వస్తుంది. కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసేసి, కేసు తెరవండి. వేరే సాటా కేబుల్ తీసుకుని, మదర్‌బోర్డు మీద కూడా వేరే పోర్టుకు కలపండి. పాత కేబుల్‌ను మళ్లీ ఎవరూ వాడకుండా పక్కన పడేయండి. కరెంటు కనెక్టర్‌ను కూడా, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే మరో తీగకు మార్చండి. ఒక తీగను రెండుగా చీల్చే అడాప్టర్ మధ్యలో ఉంటే దానిని తొలగించండి. డిస్క్‌లు మాయమవుతున్నాయన్న ఫిర్యాదులకు ఆ చిన్న వస్తువు కారణం కావడం అరుదు కాదు. మీ డిస్క్ మోటారు 12 వోల్టుల మీద, దాని ఎలక్ట్రానిక్స్ 5 వోల్టుల మీద పనిచేస్తాయి. ఆ రెండింటిలో ఏది ఒక్క క్షణం కుంగినా డిస్క్ మొదటినుంచి మొదలుపెట్టుకుంటుంది.

టిక్కుమన్న శబ్దాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే సరైన చోటు. డిస్క్ మాయమైనప్పుడు ఆ శబ్దం వచ్చిందన్నారు. ఈసారి వస్తే మోటారు శబ్దం మీద చెవి పెట్టండి. తిరిగే హోరు తగ్గిపోయి, టిక్కుమని, మళ్లీ హోరు క్రమంగా పెరిగితే, కరెంటు తెగి హెడ్లు తమ చోటికి వెనక్కి వెళ్లాయని అర్థం. అది కరెంటు తీగ కిందికో, ఎస్‌ఎమ్‌పీఎస్ కిందికో వస్తుంది. హోరు ఏమాత్రం తగ్గకుండా, ఒకే తూగులో టిక్, టిక్, టిక్ అని వరుసగా వస్తే అది వేరే సంగతి. పళ్లెం మీద ముందే రాసి ఉంచిన సర్వో గుర్తులను చూసి హెడ్ తన చోటు తెలుసుకుంటుంది. అవి కనిపించనప్పుడు చివరిదాకా వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ ప్రయాణంలో వచ్చేదే ఆ శబ్దం. ఈ రెండో రకం వినిపించిన క్షణంలో కరెంటు తీసేయాలి. ఇంకొకసారి చూద్దామనుకున్న ప్రతిసారీ, దెబ్బతిన్న హెడ్ పళ్లెం మీది పూతను గీకే ప్రమాదం ఉంది.

కేబుల్ మార్చాక డేటా తీయడం మొదలుపెట్టండి. ఇందుకు విండోస్‌ను వాడవద్దనే చెబుతాను. ఫోల్డర్ తెరవగానే మీ కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోతోందో ఆలోచించండి: చిన్న బొమ్మలు తయారుచేయడానికి విండోస్ ప్రతి ఫోటోనూ చదవబోతుంది, వెతుకులాట కోసం వెనుక మరో ప్రోగ్రామ్ చదువుతుంది, వైరస్ కాపలాదారు ఇంకొకసారి చదువుతుంది, చెడిన సెక్టార్ దగ్గర వీటన్నిటికీ ఒకే గోడ. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ చదవలేని సెక్టార్ దగ్గర చాలాసేపు పట్టువిడవకుండా ప్రయత్నిస్తుంది. ఈ కారణంగానే నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెల కోసం చేసిన డిస్క్‌లలో ఆ ప్రయత్నాన్ని సాధారణంగా 7 సెకన్లకు కట్టడి చేస్తారు.

విండోస్ బదులు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి సిద్ధం చేసుకుని, దానిలో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనాన్ని వాడండి. గమ్యంగా కనీసం 2 టెరాబైట్లు, వీలైతే అంతకంటే పెద్దది, కొత్త డిస్క్ ఉండాలి. పాత డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో పెట్టకుండా నేరుగా సాటా పోర్టుకే ఉంచండి, ఎందుకంటే ఆ డబ్బాలలోని మార్పిడి చిప్ చదవలేని సెక్టార్ ఎదురైతే తరచుగా లింకునే తెంచేస్తుంది. జమాఖర్చుల ఫైళ్లు చిన్నవి, విలువైనవి కనుక, ముందుగా డిస్క్‌ను చదవడానికి మాత్రమే అనుమతి ఉండేలా తెరిచి వాటిని కాపీ చేసుకోండి. బిగుసుకుపోతున్న ఆ ఫోటోల ఫోల్డర్ వైపు మాత్రం వెళ్లవద్దు. తరువాత డిస్క్‌ను మూసి, మొత్తానికి నకలు తీయండి.

డీడీరెస్క్యూ పనితీరు తెలుసుకుంటే దాని మీద నమ్మకం కలుగుతుంది. మామూలు కాపీలా అది గోడ దగ్గర నిలబడిపోదు. మొదటి విడతలో తేలికగా చదవగలిగిన ప్రాంతాలన్నీ గబగబా తీసుకుంటూ, తప్పు ఎదురైన చోటును వదిలి ముందుకు దూకుతుంది. తరువాత ఆ వదిలిన ప్రాంతాల అంచులను రెండు వైపుల నుంచి కోసుకుంటూ వస్తుంది. చివరికి మిగిలిన గడ్డు చోట్లను సెక్టార్ సెక్టారుగా గోకుతుంది. ఎక్కడెక్కడ ఏమైందన్నది మ్యాప్ ఫైల్ అనే చిట్టాలో రాసుకుంటుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా, మీరే ఆపినా, మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది. ఆ చిట్టా ఫైల్‌ను పాత డిస్క్ మీద కాకుండా మరో పెన్‌డ్రైవ్ మీద పెట్టుకోండి. లైనక్స్ తాత్కాలిక మెమరీలో వదిలేస్తే కంప్యూటర్ ఆపగానే పోతుంది. మొదటిసారి గోకుడు దశ లేకుండా నడపండి, అది ముగిశాకే రెండోసారి పూర్తిగా నడపండి. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది మూలం ఏది, గమ్యం ఏది అన్నది. రెండూ ఒకే పరిమాణంలో ఉంటే పేర్లు తారుమారు కావడం తేలిక. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ ఫోటోల మీద పరుచుకుంటుంది. డిస్క్ మీది చీటీలో ఉన్న సీరియల్ నంబరును తెర మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చిన తరువాతే ఎంటర్ నొక్కండి.

సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో సాఫీగా సాగితే 2 టెరాబైట్లకు నాలుగు గంటల లోపే పడుతుంది. గడ్డు చోట్ల దగ్గర రోజులు పట్టవచ్చు, దానికి కంగారుపడనక్కరలేదు. గమ్యంగా కొన్న డిస్క్ పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ట్రాకులు పరిచే షింగిల్డ్ రకానిదైతే, ఎక్కువసేపు రాసేటప్పుడు దాని వేగం కూడా పడిపోతుంది; ఆ నిదానాన్ని పాత డిస్క్ తప్పుగా లెక్కవేయకండి. అయితే ఒకే తూగులో టిక్ టిక్ మొదలైనా, కేబుల్ మార్చిన తరువాత కూడా డిస్క్ మాయమవుతున్నా, మంచి ప్రాంతాలలో సైతం వేగం సెకనుకు కొన్ని కిలోబైట్లకు పడిపోయినా అక్కడితో ఆపేయండి. ఆపైన మిగిలేది దుమ్ము లేని గదిలో డిస్క్ తెరిచి హెడ్లు మార్చగల డేటా రికవరీ ప్రయోగశాల ఒక్కటే. అది ఖర్చుతో కూడిన పని. మిగిలిన ఫోటోల విలువను మీరే నిర్ణయించుకోవాలి. డిస్క్‌ను ఇంట్లో విప్పి చూడడం, అదే మోడల్ డిస్క్ కొని దాని సర్క్యూట్ బోర్డు దీనికి బిగించడం వంటివి ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. పాత కాలపు డిస్క్‌లకు బోర్డు మార్పిడి కొంత పనిచేసేది. ఇప్పటి డిస్క్‌లలో ఆ డిస్క్‌కే చెందిన సర్దుబాటు వివరాలు బోర్డు మీది ఒక చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌లోని సమాచారాన్ని కూడా మార్చకుండా బోర్డు ఒక్కటే మారిస్తే హెడ్లకు దారి తెలియదు.

నకలు పూర్తయ్యాక చెక్‌డిస్క్‌కు చోటు దొరుకుతుంది, అదీ నకలు మీద. నకలుకు మరో నకలు తీసి, దాని మీద నడిపితే ఇంకా మంచిది. తరువాత ఫోటోలు తెరిచి చూడండి. పైన సగం బాగుండి కింద సగం బూడిద రంగులో ఉన్న ఫోటో కనిపిస్తే, ఆ రాని సెక్టార్ దానిలోదే.

ఇక విచారణ. డేటా చేతికి వచ్చింది కనుక ఇప్పుడు డిస్క్‌ను ఎంత శ్రమపెట్టినా భయం లేదు. స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ప్రోగ్రామ్‌తో విస్తృత స్వీయ పరీక్ష నడపండి. దీనిలోని మేలు ఏమిటంటే, డిస్క్ తన ఉపరితలాన్ని తానే లోపల చదువుకుంటుంది. డేటా కేబుల్ మీదుగా ప్రయాణించదు. ఆ పరీక్ష చదవలేని చోటు దగ్గర ఆగి, ఆ చోటి చిరునామాతో విఫలమైందని చెబితే కేబుల్ నిర్దోషి, ఉపరితలం దోషి. మీ సీ5 లెక్క చూస్తే అదే జరుగుతుందని అనుకుంటున్నాను. రెండో సాక్షి, విండోస్ నమోదు చేసుకున్న ఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్. సిస్టమ్ చిట్టాలో 7వ నంబరు ఘటన ఉంటే చెడిన బ్లాక్ తగిలిందని అర్థం. 153 ఉంటే అడిగిన పనిని మళ్లీ అడగవలసి వచ్చిందని. 129 ఉంటే డిస్క్ జవాబివ్వక లింకును మొదటినుంచి కలపవలసి వచ్చిందని. వాటి సమయాలను మీ జ్ఞాపకంతో పోల్చండి. ఫోల్డర్ తెరిచినప్పుడల్లా 7 కనిపించి, డిస్క్ మాయమైన రోజులలో 129 కనిపిస్తే, మొదట చెప్పిన రెండు జబ్బుల మాట రుజువైనట్టే. కేబుల్ మార్చిన తేదీ తరువాత 129 ఆగిపోయి, సీ7 కూడా 311 దగ్గరే నిలిచిందా, ఒక జబ్బు నయమైనట్టు. మారిన కేబుల్‌తో, మారిన పోర్టుతో, మారిన కరెంటు తీగతో కూడా అవే కొనసాగితే, డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు కలిపి చూడండి. తప్పు డిస్క్ వెంట వెళ్తే అది దాని బోర్డుది, వెళ్లకపోతే ఎస్‌ఎమ్‌పీఎస్‌ది లేదా మదర్‌బోర్డుది.

చివరగా, కుతూహలం ఉంటే, మీ మిత్రుడు చెప్పిన పూర్తి ఫార్మాట్ ఇప్పుడు చేసి అంకెలు చూడండి. సీ5 సున్నాకు వచ్చి 05 అక్కడే 16 దగ్గర ఉంటే, ఆ సెక్టార్లు రాస్తుండగా కరెంటు తెగి సగంలో చెడినవే తప్ప ఉపరితలం పాడైనవి కావు. కరెంటు లోపం ఉన్న మీ కంప్యూటర్‌లో అది అసాధ్యమేమీ కాదు. 05 పెరిగినా, ఫార్మాట్ తరువాత కొద్ది వారాలలో సీ5 మళ్లీ తలెత్తినా, లోపల క్షయం సాగుతూనే ఉన్నట్టు. మొదటి ఫలితం వచ్చినా ఈ డిస్క్‌ను నమ్మి ఏకైక కాపీని మళ్లీ దానిలో పెట్టమని చెప్పను. ఇప్పటికే 16 సెక్టార్లు మార్చుకున్న, ఐదేళ్లు తిరిగిన డిస్క్ అది; పోయినా పరవాలేదనుకునే వాటికి వాడుకోండి, లేదా పక్కన పెట్టండి.

ఎస్‌ఎస్‌డీకి మారితే టిక్ టిక్ బాధ తప్పుతుంది, కదిలే భాగం ఏదీ లేదు కనుక. చెడిపోయే బాధ తప్పదు. పైగా చెడేటప్పుడు అది శబ్దం చేసి హెచ్చరించదు. నిన్నటిదాకా పనిచేసినది ఈ రోజు కంప్యూటర్‌కు కనిపించకుండా పోవడమే దాని సాధారణ పద్ధతి, కొన్ని మాత్రం రాయడానికి వీలులేకుండా చదవడానికి మాత్రమే మిగులుతాయి. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ, తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీలు తమను లోపలినుంచి నడిపే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లోని లోపం వల్ల 32,768 గంటలు పనిచేయగానే చెడిపోతాయని, ఆ లోపు ఫర్మ్‌వేర్ మార్చుకోవాలని ప్రకటించింది. ఒకే రోజు వాడకంలోకి వచ్చిన రెండు అలాంటి డ్రైవులలో ఒకదానికి మరొకటి ప్రతిగా ఉన్నా, రెండూ ఒకే గంటలో పోయేవి. చెరిపేసిన ఫైళ్ల విషయంలోనూ ఎస్‌ఎస్‌డీ కఠినమైనది: ట్రిమ్ అనే ఆదేశం వల్ల చెరిపిన చోటును అది తానే శుభ్రం చేసుకుంటుంది కనుక, పొరపాటున చెరిపినది తిరిగి రావడం హార్డ్ డిస్క్‌లో ఉన్నంత తేలిక కాదు. వాడకం చివరి దశకు చేరిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం డేటా నిలుపుకుంటే చాలునని పరిశ్రమ ప్రమాణం చెబుతోంది. కొత్తవి అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుకుంటాయి, అయినా బీరువాలో పెట్టి మరిచిపోయే వస్తువు కాదది. ఎస్‌ఎస్‌డీలలో వేగమైన ఎన్‌వీఎంఈ రకం కొంటే, దాని ఆరోగ్య నివేదికలో ఎంత శాతం వాడుక అయింది, అదనపు చోటు ఎంత శాతం మిగిలింది అన్న రెండు వరుసలు మీకు సూటిగా అర్థమవుతాయి.

కాబట్టి రోజూ పనిచేసుకునే ఫైళ్లకు పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి, వేగం కోసం. ఇప్పుడు నకలు తీసిన కొత్త హార్డ్ డిస్క్‌ను వాటికి రెండో కాపీగా ఉంచుకుని, కాపీ చేసేటప్పుడు మాత్రమే కంప్యూటర్‌కు కలపండి. జమాఖర్చుల వంటి చిన్న ఫైళ్లకు ఇంటి బయట మూడో కాపీ కూడా ఉండేలా చూసుకోండి.

పాత డిస్క్‌కు వారంటీ మిగిలి ఉందేమో సీరియల్ నంబరుతో ఒకసారి చూసుకోండి. ఉన్నా, అది ఇచ్చేది మరో డిస్క్‌ను మాత్రమే. డేటా బాధ్యత దానిలో ఉండదు, మీరు ఇచ్చిన డిస్క్ తిరిగి రాదు. ఇచ్చే ముందు అంతటా సున్నాలు రాయండి. మార్పిడి జరిగిన ఆ 16 పాత సెక్టార్లలో ఏముందో మీరు చెరపలేరు, వాటి దగ్గరికి మామూలు రాతలు చేరవు. జమాఖర్చులలో అంత గోప్యమైనవి ఉంటే వారంటీ వదులుకుని, మూత మరలు విప్పి పళ్లేలను పాడుచేయడమే మేలు. కొన్ని డిస్క్‌లలో, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లకు వాడే చిన్న రకంలో, పళ్లేలు గాజువి. సుత్తితో కొడితే ముక్కలు ఎగురుతాయి కనుక గుడ్డలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఆ పని చేయండి.